కొళాయి గంట

నాయనా,

గుమ్మఘట్ట బస్సుకు వేళయింది, నేను బడికి పోతున్నాను. ఈ రోజు నీళ్లొచ్చే రోజు. పెరట్లో కొళాయి తిప్పి, కింద కుండ పెట్టాను. అందులో వేలాడే రెండు తీగల మొనలకు నీళ్లు తగిలితే గంట మోగుతుంది. మట్టికుండే ఉంచు. ఇత్తడి బిందె పెడితే, తీగలు దానికి తగిలి నీళ్లు రాకున్నా మోగుతుంది. పట్టడం అయ్యాక మొనలు తుడువు, లేకుంటే చిలుము పడుతుంది. బ్యాటరీలు నీ టార్చిలోవి, కోప్పడకు.

మూడు రోజుల కిందట నీళ్లు వచ్చి పోయాయని అమ్మ మీద అరిచావు. "మూడు దినాలకొకసారి వచ్చే నీళ్లు! నిద్రపోతాంటివా?" అన్నావు. ఆ రోజు అమ్మకు ఒళ్లు కాలిపోతోంది. కొళాయి దగ్గరే గోడకు ఆనుకుని సోలిపోయింది. నీకు చెబుతానంటే నన్ను ఆపింది.

"వద్దు పాపా. పెండ్లోళ్ల చీర రేపటికి దించల్ల. మీ నాయన మగ్గం మీద నుంచి లేస్తే పని ఆగిపోతాది."

జ్వరం ఇంకా తగ్గలేదు. అందుకే పాత రేడియోలోని ట్రాన్సిస్టర్ ఊడదీసి, రెండు రోజులు కూర్చుని ఈ గంట తయారుచేశాను. దీన్ని వంటింట్లో కట్టలేదు, నీ మగ్గం పక్కన కట్టాను. మోగితే నువ్వే లేచి నీళ్లు పట్టు.

సుమిత్ర

గంట విని అమ్మ కూడా లేచి వస్తుంది. పడుకోమని నువ్వు చెప్పు నాయనా. నేను చెబితే వినడం లేదు.