అడిగినాక ఊరుకోవాలి

శాలిబండ

అక్కా, ఇక్కడ మేమంతా బాగున్నాం, ఫికరు పడకు.

మా సంస్థ బడిపిల్లల కోసం కంపెనీలను సాయమడగడానికి నలుగురిని కొత్తగా తీసుకుంది. వాళ్లకు నేర్పే పని నాదే. అందులో శ్రవణ్‌కుమార్ బట్టల దుకాణం వాళ్ల అబ్బాయి. నన్నే కంపెనీ ఆఫీసర్ అనుకుని, పిల్లలను బడికి తెచ్చేందుకు ఏడాదిపాటు వ్యాన్ ఇప్పించమని నన్ను అడగమన్నాను. అడిగాడు. నేను నోరు విప్పకముందే, "ఎక్కువైతదంటే ఆర్నెల్లకే ఇయ్యుండ్రి మేడమ్. అది గూడ కాకుంటే ఆటో అయినా నడుస్తది" అన్నాడు. ధర తగ్గించకుంటే గిరాకీ దుకాణం మెట్లు దిగిపోతుందేమోనని వాడి భయం.

"అడిగినంక చుప్ కూసోవాలె శ్రవణ్. జవాబు వాళ్లను చెప్పనియ్యి" అన్నాను.

నిన్న నిజంగానే ఒక కంపెనీకి వెళ్లి, అడిగి, ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు. వ్యాన్ ఇస్తామన్నారు.

నీ మోకాలి నొప్పి ఎట్లుంది? మామిడి తొక్కు పెట్టినవా? బావను, స్వీటీని అడిగానని చెప్పు.

పోయినేడు నిన్ను బోనాలకు రమ్మని, నువ్వు జవాబు చెప్పకముందే "వీలు కాకుంటే పర్వాలేదులే" అన్నది నేనే. ఈసారి రా అక్కా, పదిరోజులు ఉండేటట్టు రా. కార్డులో ఇంకా జాగా ఉంది. ఏమీ రాయను.

నీ చెల్లె
తనూజ