కడిగిన పెట్రోలు

జూన్ 11, బుధవారం,
షెడ్డులో, మధ్యాహ్నం టీ వేళ

మా ఇంటి లెక్కల టీచరమ్మకి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మన పాత కారూ క్షేమం. ముగ్గురిలోనూ దగ్గు కారుకే ఎక్కువ. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, నా మనవరాలు పిడుగూ బాగున్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమెందుకని నొసలు చిట్లిస్తావు, తెలుసు. ఫోనులో అయితే మధ్యలో ప్రశ్నలు వేస్తావు, నేను తడబడతాను. కాగితం చివరిదాకా చెప్పనిస్తుంది.

ఈ నెల ఇరవై రెండుకి నా ప్రమాణానికి ఆరేళ్లు నిండుతాయి. ఏడాదిన్నర పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తాగి కారు నడిపి, మనింటి గేటునే గుద్దినవాణ్ని నేను. పైగా తప్పు గేటుదే అన్నాను. పిల్లకి చిన్న గీత కూడా పడలేదు గానీ, ఆ రోజు నీ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. నువ్వు అరవలేదు. ఒక కాగితం తీసి రాశావు. ఏ రూపంలోనూ, ఎంత కొంచెమైనా, ఆల్కహాలు నోట పెట్టనని. దగ్గు మందు పేర్లు కూడా కింద రాశావు. అలా ఆరేళ్లు గడిచాకే పిల్ల తాతయ్య కారెక్కుతుందన్నావు. ఆ కాగితం ఇక్కడ స్పానర్ల బోర్డు మీదే అంటించి ఉంది.

ఇరవై మూడు, సోమవారం పొద్దున పిడుగుని బడికి దింపేది నేనే. వెనక సీటు కొత్తగా కుట్టించాను. బెల్టు సరిగ్గా దాని కొలతకి పెట్టించాను. మా పెళ్లికి కూడా నేనింత హడావిడి చెయ్యలేదట. మీ అమ్మే అంటోంది.

ఇంతలో వచ్చిపడింది చిక్కు. పోయిన వారం పెట్రోలు బంకులో పంపు మీద కొత్త చీటీ చూశాను. ఇందులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు అని ఉంది. అదేం పదార్థమని బంకువాణ్ని అడిగితే, ఆల్కహాలే మామా, కొన్నేళ్లుగా కలుపుతూనే ఉన్నారు, ఇప్పుడు పాళ్లు పెంచారంతే అని చల్లగా చెప్పాడు. నాకు కాళ్ల కింద నేల కదిలింది.

ఎందుకంటావా? నా పని సంగతి నీకు తెలియనిదా! ట్యాంకు ఖాళీ చెయ్యాలంటే ట్యూబు వేసి నోటితో లాగాలి. నలభై ఏళ్లుగా నాది అదే పద్ధతి. పెట్రోలు పెదవి దాకా రాకముందే ట్యూబు కిందికి దించేస్తాను. అయినా పదిసార్లకోసారి నోట్లోకి వచ్చేస్తుంది. ఉమ్మేస్తాననుకో. కానీ నువ్వు రాసింది 'ఏ రూపంలోనూ' అని కదా!

మన పాత ఖాతాదారు వకీలుగారి కారు షెడ్డులోనే ఉంటే ఆయన్నే అడిగాను. మింగావా ఉమ్మావా అన్నారు. ఉమ్మానన్నాను. తాగాలన్న ఉద్దేశం ఉందా అన్నారు. పెట్రోలు తాగాలని ఎవరికుంటుందండీ అన్నాను. అయితే కేసు నిలవదు మేస్త్రీ, పో అన్నారు. ఆయన కోర్టులో నిలవదు గానీ, నీ కోర్టు వేరు.

అందుకని పరీక్ష పెట్టాను. పొడవాటి గాజుసీసాలో గీత దాకా నీళ్లు పోసి, పైన పెట్రోలు పోసి, బాగా ఊపి నిలబెట్టాను. కాసేపటికి చూస్తే అడుగున నీళ్లు గీత దాటి పైకొచ్చాయి. పెట్రోలులో అణిగిమణిగి కూర్చున్న ఆల్కహాలంతా నీళ్లు కనబడగానే అటు ఫిరాయించింది. దొంగ దొరికాడు! అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పెట్రోలుని నీళ్లతో కడిగేస్తే? ఆల్కహాలు పోతుంది, నా ప్రమాణం నిలుస్తుంది.

వకీలుగారి ట్యాంకులోని పెట్రోలంతా డబ్బాలోకి తీసి కడిగాను. అడుగున దిగిన మందునీళ్లు పారబోస్తున్నంతసేపూ మీ అమ్మ నడుం మీద చేతులేసుకుని కాపలా కాసింది. పై తేట మళ్లీ ట్యాంకులో పోశాను. ఉన్న మతి పోగొట్టుకోవడమంటే ఇదే. ఎంత తేర్చినా కాసిన్ని నీళ్లు మిగిలిపోయాయి. ఆల్కహాలు పోయిన పెట్రోలుకి సత్తువా తగ్గింది. కారు టకటకమని కొట్టుకుని, రెండు తుమ్ములు తుమ్మి, సరిగ్గా కోర్టు గేటుకి అడ్డంగా ఆగిపోయింది. వకీలుగారు కోటు విప్పి వెనకనుంచి తోస్తుంటే, ఆయన కక్షిదారు మీద కేసు వేసినవాళ్లే వచ్చి చెయ్యి వేశారట.

ట్యాంకు మళ్లీ ఖాళీ చేసి బంకు పెట్రోలే పోశాను. ఈసారి నోటితో కాదు, చేతిపంపు కొన్నాను. కారు గుర్రంలా పోయింది. ఏం విడ్డూరమో చూడు, మందు మానేస్తే కారు నడవదు, మందు వేస్తే నేను నడవలేను. మీరు కారుని చూసి నేర్చుకోకండి అని మీ అమ్మ హెచ్చరించింది.

ఆ ఆల్కహాలుకి ఇంకో గుణముంది. పాత ట్యాంకులో పడిందంటే ఏళ్ల తరబడి అడుగున పట్టిన మురికంతా ఊడదీస్తుంది. అదంతా వచ్చి ఫిల్టరులో ఇరుక్కుంటుంది. ముందు ఫిల్టరు మార్చుకుంటే బండి బాగుపడుతుంది, లేకపోతే దారిలో ఆగుతుంది.

కనుక తల్లీ, ట్యూబుతో లాగిన ఆ చుక్కలు లెక్కలోకి వస్తాయా రావా, నువ్వే తేల్చు. నీ మాటే తీర్పు.

పిడుగుకి నా ముద్దులు.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నాన్న

తా.క. పై ఉత్తరం నాలుగు రోజులు జేబులో తిప్పాను. పోస్టు డబ్బా దాకా రెండుసార్లు వెళ్లొచ్చాను. పెట్రోలు చుక్కల గొడవ ఎందుకెత్తానో నాకు తెలుసు. చిన్నది చెబితే పెద్దది చెప్పనక్కర్లేదనుకున్నాను.

పిడుగుకి మూడేళ్లప్పుడు జనవరిలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో పెట్టారు గుర్తుందా? కారేసుకుని బయల్దేరుతానంటే నువ్వు రావద్దన్నావు. నువ్వన్నది న్యాయమే. ఆ మధ్యాహ్నం నేను బారుకి వెళ్లి రెండు గ్లాసులు తాగాను. తర్వాత షెడ్డుకొచ్చి, ఒక గుక్క పెట్రోలు నోట్లో పోసుకుని పుక్కిలించి, ఇంటికెళ్లాను. మీ అమ్మ అదేం వాసనండీ అంది. పెట్రోలు లాగుతుంటే నోట్లోకి వచ్చిందన్నాను. పాపం, నమ్మింది. నిన్న ఆవిడకి చెప్పేశాను. ఇప్పటిదాకా మాట్లాడలేదు. పొద్దున టీ మాత్రం పెట్టింది.

ఆ కాగితం రాశాక అదొక్కసారే. ముందూ లేదు, తర్వాతా లేదు. అయినా ఒక్కసారి ఒక్కసారే. తాగినవాడు నిజం కక్కుతాడంటారు. తాగకుండా కక్కడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. ఆ పంపు కూడా తనలో ఏముందో చీటీ రాసి నుదుట అంటించుకుంది. నాకా మాత్రం ధైర్యం ఉండొద్దా?

లెక్కల టీచరువి, లెక్క సరిచెయ్యి. ఆ జనవరి నుంచి ఇప్పటికి నాలుగేళ్ల ఐదు నెలలు. ఆరేళ్లకి ఇంకా ఏడాదీ ఏడు నెలలుంది. ఇరవై మూడు, సోమవారం పిడుగుని బడికి నువ్వే దింపు. దానికి మాత్రం కారు రిపేరులో ఉందని చెప్పొద్దు. తాతయ్య రిపేరులో ఉన్నాడని చెప్పు.

సీటు కుట్టినతని దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చాను. బెల్టు విప్పించి, జానెడు పొడవు పెంచి కుట్టించాను. అప్పటికి పిల్ల ఎదుగుతుంది కదా.