రెండు పంటలు

అమ్మకి,

ముందుగా మన పలకరింపు: నీకు తెల్లవారిందా? ఇక్కడ మా ఇద్దరికీ తెల్లవారింది, ఒంట్లో బాగానే ఉంది. చర్చి ఉపదేశి గారి చేత నువ్వు రాయించిన ఉత్తరం అందింది. నాన్న కాలి పుండు మానిందని, ఉలోమా కోసం కొత్త చాప అల్లుతున్నావని తెలిసింది.

అడిగినవాటికి జవాబు రాస్తున్నాను. చెల్లి ఉలోమా సరిగ్గానే తింటోంది. ఈ సిస్టర్ల మఠంలో పెండలం దంచరు, ముక్కలుగా ఉడికించి పెడతారు. "ఇంత పెద్ద ఇల్లు కట్టుకున్నారు, ఒక రోలు పెట్టుకోలేదు" అంటుంది. దగ్గు తగ్గింది. నది అవతలి పిల్లలు ఇప్పుడు దాన్ని వెక్కిరించడం లేదు. అదే వాళ్లని వెక్కిరిస్తోంది. చదువు మాత్రం రాలేదు. స్లేటు ఇస్తే, పండుగకి మీరు ఒంటి మీద దిద్దుకునే గీతలు గీస్తుంది. సిస్టర్ తుడిచేస్తుంది. మళ్లీ గీస్తుంది.

నేను చిన్న తరగతికి పాఠం చెబుతున్నాను. గంట కొట్టేదీ నేనే.

రోజూ సాయంత్రం ఉలోమా తన గుడ్డలన్నీ మూటకడుతుంది.

"అమ్మ రావడానికి ఇంకెన్ని సంతలక్కా?"

"తొమ్మిది."

"నువ్వు రావా?"

"నాకు ఇక్కడ పనుంది."

"అయితే ఆ గంటని పెళ్లి చేసుకో. పెళ్లి కల్లు కుండ నేనే మోసుకొస్తాలే."

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఇక్కడి నుంచి నీ ఒక్కదానికే చదవమని ఉపదేశి గారికి చెప్పు. వాకిట్లో ఎవరైనా ఉంటే పంపెయ్యి.

ఉలోమాని చేర్చిన రోజు, వరండాలో పెద్ద సిస్టర్ కాగితం చదివింది. మీ ఇద్దరి మధ్య నేను నిలబడి ఒకరి మాట ఒకరికి చెప్పాను. పిల్ల పదేళ్లు మఠంలో ఉండాలి, ఆ తర్వాత పెళ్లి కూడా మఠమే చూస్తుంది అని ఆమె చదివింది. నువ్వు నా మొహం చూశావు. నేను "రెండు పంటలు" అన్నాను. "రెండంటే ఎంతలే" అని బొటనవేలు ఇచ్చావు. సిరా పోలేదని ఎర్రనూనెతో రుద్దుకున్నావు.

నోరు జారి అన్నమాట కాదు. పది పంటలు అంటే నువ్వు మా ఇద్దరినీ తీసుకుని వెళ్లిపోయేదానివి. అప్పుడు నేను చదువుకుంటున్న పుస్తకం సగంలో ఉంది.

రెండు పంటలకే ఉలోమాని ఇంటికి పంపుతారా అని నిన్న పెద్ద సిస్టర్‌ని అడిగాను. ఆమె కోప్పడలేదు. కాగితం తీసి చూపించింది. "పది. ఇదిగో మీ అమ్మ వేలు" అంది. నీ వేలి మీది కత్తి గాటు కూడా అందులో పడింది. వేళయిందని వెళ్లి గంట కొట్టాను.

నువ్వు వచ్చేటప్పుడు రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంకొకరిని వెంటబెట్టుకుని రా. సిస్టర్ అలవాటు కొద్దీ నన్నే పిలుస్తుంది. నన్ను మాట్లాడనివ్వకు.

కింద ఉన్న నల్లమచ్చ ఉలోమా వేలిది. ఇప్పుడే వచ్చి పక్కన కూర్చుంది. ఏం రాశావక్కా అని అడిగింది. నిన్ను త్వరగా రమ్మని రాశానన్నాను. నమ్మి, వేలు సిరాలో ముంచింది.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
అడాంక్వో