పనిముట్ల పెట్టెలో స్కాచ్ సీసా

సుకుమారీ,

నా పనిముట్ల పెట్టెలో, ఉలుల కింద, గుడ్డ చుట్టిన సీసా ఉన్నది. నేను పటాన్‌చెరు నుండి వచ్చేలోపల దాన్ని మోరీలో ఒంపు. పైనుండి రెండు బిందెల నీళ్లు కొట్టు. వాసన మిగిలితే నాకు తెలుస్తది. ఖరీదు సరుకని దాచకు, ఎవరికీ ఇయ్యకు. మీ అత్త కంట పడనీయకు.

అది స్కాచ్ విస్కీ. ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన దొర నిన్న తన దేశానికి పోతూ ఇచ్చిండు. నాకొద్దంటే ఫోర్‌మన్ నూరుద్దీన్ నవ్విండు. "అరే మిస్త్రీ, గిది సారా గాదు. ఓకు కట్టె పీపాలల్ల పోసి, ఒకదాంట్లకెల్లి ఇంకోదాంట్లకు మార్చుకుంట పన్నెండేండ్లు ఉంచిండ్రట. కట్టె పనోనివి, నీకు గాక ఎవరికిస్తడు?" అన్నడు.

కట్టె సంగతి చెప్పిండు గనుక మూత తీసి వాసన చూసిన. అప్పుడే చిత్రిక పట్టిన చెక్క లెక్క ఉన్నది. తాగలేదు. కాని పొద్దటి నుండి మూడుసార్లు పెట్టె తెరిచిన, ఒక్క ఉలి కూడా బయటికి తీయలేదు. అందుకే పెట్టె ఇంట్లోనే విడిచిపెట్టి ఒట్టి చేతులతో పనికి పోతున్న. అక్కడ ఎవరి ఉలి అయినా అడుక్కుంట.

ఇగ తాగనని చర్చిలో అందరి ముందు నిలబడి చెప్పి పద్నాలుగేండ్లు అయింది.

మామ

సీసా చూస్తే మీ అత్త నన్ను ఏమీ అనదు. లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకుంటది. నువ్వు కోడలివై రాకముందు రోజూ గట్లనే చేసేది.