రెండోసారి మోగిన ఓబో

వియన్నా,
6 నవంబర్ 1990

ప్రియమైన తమ్ముడు ఫెర్డీకి,

కవరు మీద నా చేతిరాత చూస్తే విప్పకుండానే పొయ్యిలో వేస్తావేమోనని, అడ్రసు పక్కింటావిడ చేత రాయించాను. ఇరవై నాలుగేళ్ల తర్వాత నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇలా మోసంతో మొదలైంది. ఏం చెయ్యను? అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. నావాళ్లని చెప్పుకోడానికి ఈ భూమ్మీద నువ్వొక్కడివే ఉన్నావు, ఆ నువ్వేమో నాతో మాట్లాడవు.

మొన్న ఆత్మల పండుగనాడు అమ్మ సమాధి దగ్గరికి వెళ్లాను. ఎప్పటిలాగే నువ్వు నాకంటే ముందు వచ్చి, దీపం పెట్టి, నా ముఖం చూడాల్సిన అవసరం రాకుండా రైలెక్కి వెళ్లిపోయావు. ఆ దీపం ముందు నిలబడి జరిగిందంతా అమ్మకి చెప్పుకున్నాను. అమ్మకి చెప్పడం తేలిక, ఆవిడ తిరిగి ఏమీ అనదు. అసలు చెప్పాల్సింది నీకు.

మీ మాస్ట్రో ట్రాట్నిగ్ గారు పోయి పదేళ్లయింది కదా. ఆయన చేతి సైగలతో మీ వాద్యబృందాన్ని నడిపి రికార్డు చేసిన హైడన్ సింఫనీలన్నిటినీ శుభ్రం చేసి, కొత్త డిస్కుల మీదకెక్కించి, ఒక పెట్టెగా తెస్తున్నారు. ఏటా ఉత్తమమైన రికార్డును ఎంచే మా సంఘానికి ఆ పెట్టె వచ్చింది. తీర్పు రాసే పని నాకు అప్పజెప్పారు. ఇంకెవరికి ఇస్తారు? ఆయన హైడన్ గురించి ఈ దేశంలో ఎవరు నోరు విప్పినా నా వ్యాసంతోనే మొదలుపెడతారు. పెట్టెలో పెట్టే చిన్న పుస్తకంలో కూడా ఆ వ్యాసాన్నే మళ్లీ అచ్చు వేస్తున్నారు.

అది ఏ వ్యాసమో నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. అయినా చెప్తాను, నేరం ఒప్పుకునే మనిషి నేరమేమిటో తన నోటితో చెప్పాలి. ఆ విషాదపు సింఫనీలో మొదటి భాగాన్ని ఒకసారి వాయించి, మళ్లీ మొదటినుంచి రెండోసారి వాయించాలి, హైడన్ అలాగే రాశాడు. మధ్యలో నీ ఓబో, ఆ సన్నని ఊదే వాద్యం, ఒంటరిగా పలికే చిన్న ముక్క ఉంది. దాని గురించి నేను రాసిన మాటలు ఇవి: “మొదటిసారి ఓబో కొయ్యలా ఉంది, అంకెలు లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది. రెండోసారి స్వరాలు అవే, కానీ ఈలోగా ట్రాట్నిగ్ చెయ్యి ఆ వాద్యకారుడికి దుఃఖమంటే ఏమిటో నేర్పింది.” ఆ వాద్యకారుడివి నువ్వు. సొంత తమ్ముణ్ణి కూడా వదల్లేదు, ధర్మదేవత అంటే ఈవిడే అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు మీదే నా పేరు, పత్రికలో నా శీర్షిక, సంఘంలో నా కుర్చీ, అన్నీ నిలబడ్డాయి.

పోయిన గురువారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ సింఫనీ విన్నాను. కొత్త శుభ్రతలో పాత రికార్డులో వినపడనివన్నీ వినపడుతున్నాయి. నీ ముక్కకి ముందు ఎవరిదో కుర్చీ కిర్రుమంది. నువ్వు ఊపిరి తీసుకున్నావు. నీ వేలి కింద ఓబో మీట చిన్నగా టక్కుమంది. తర్వాత రెండోసారి వచ్చింది. అదే కుర్చీ, అదే చోట, అదే కిర్రు. అదే ఊపిరి. అదే టక్కు. వెనక్కి తిప్పి విన్నాను. గడియారం పెట్టుకుని విన్నాను. సాయంత్రం దాకా ముప్పైసార్లు విని ఉంటాను. ఫెర్డీ, అది ఒకే టేపు. కాపీ చేసి రెండుసార్లు అతికించారు. ఒకే గిన్నెలో పాలను ఒకసారి విషమన్నాను, ఇంకోసారి అమృతమన్నాను.

నువ్వు ఈ మాటే చెప్పావు. రికార్డు చంకలో పెట్టుకుని నా వంటింట్లోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా చెప్పావు. నేను విన్నానా? ఆ రికార్డింగు రోజున నేను స్వయంగా హాల్లో కూర్చున్నానని, మీరు రెండుసార్లు వాయించడం నా కళ్లారా చూశానని, నాకు పాఠాలు చెప్పొద్దని అన్నాను. అంతటితో ఊరుకున్నానా? “అందని ద్రాక్ష పుల్లన. నిన్ను పొగడకపోతే రికార్డే దొంగదైపోయిందా?” అన్నాను. నువ్వు ముఖం ఎర్రగా చేసుకుని, “అక్కా, నువ్వు చెవులతో వినడం మానేసి చాలా రోజులైంది. ఆయన పేరుతో వింటున్నావు,” అని వెళ్లిపోయావు. ఆ మాట పొగరని ఇన్నేళ్లూ అనుకున్నాను. గురువారం అది అక్షరాలా నిజమైంది.

మీ బృందంవాళ్లు క్యాంటీన్లో నిన్ను చూసినప్పుడల్లా ఇంటిపేరు పెట్టి “ఏం ప్రోకోష్, ఇవాళ మొదటిసారా, రెండోసారా?” అని అడిగేవాళ్లట. రిహార్సల్లో ట్రాట్నిగ్ గారే నా వాక్యాన్ని చదివి నవ్వించారట. రెండేళ్లలో నీ ఊపిరి ఆ ముక్క దగ్గర బిగుసుకుపోవడం మొదలైంది, నువ్వు ఉద్యోగం వదిలి స్టయర్‌లో పిల్లలకి సరిగమలు నేర్పడానికి వెళ్లిపోయావు. ఇవన్నీ నాకు ఇతరులే చెప్పారు. చెప్పినప్పుడు నేను, పాపం సున్నితమైన మనసు, అన్నాను. అన్నది నేనేనని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కంపరమెత్తుతోంది.

వ్యాసాన్ని అలాగే వదిలేస్తే నీ అవమానం ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుంది. వెనక్కి తీసుకుంటే నాకంటూ ఏమీ మిగలదు. ఏం చెయ్యమంటావో నువ్వు చెప్పు, అది చేస్తాను. ఇరవయ్యో తారీఖున సంఘం సమావేశం. ఆలోగా రెండు ముక్కలు రాయి. తిట్టినా సరే.

నీ అక్క,
ఎర్నా


వియన్నా,
27 నవంబర్ 1990

నా తమ్ముడు ఫెర్డీకి,

నువ్వు రాయలేదు. పోస్టుమాన్ మెట్లెక్కే చప్పుడుకి రోజూ తలుపు దగ్గరికి పరిగెత్తాను. ఇరవయ్యో తారీఖు పొద్దున కూడా చూసి, ఇక నా అంతట నేనే చేశాను.

దానికి ముందు షెబెస్టాని వెతికి పట్టుకున్నాను. అప్పట్లో మీ రికార్డింగుల్లో టేపులు కోసి అతికించినవాడు. ఊరి చివర హెర్నాల్స్‌లో చిన్న తోట పెట్టుకుని, మంచు తగలకుండా గులాబీ కొమ్మలకి గడ్డి చుడుతున్నాడు. అడగ్గానే దాచకుండా చెప్పాడు. మీరు ఆ భాగాన్ని రెండుసార్లు వాయించిన మాట నిజమేనట. రెండోది వద్దని, మొదటిదాన్నే రెండుచోట్లా వాడమని మాస్ట్రో చెప్పారట. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. “మేం అడిగేవాళ్లమా అమ్మా? కొయ్యమంటే కోశాం.” రెండో టేపును ఆ వారంలోనే చెరిపేసి, దాని మీద ఏదో నాట్య సంగీతం ఎక్కించారట. ఇంకో మాట కూడా అన్నాడు. నా వ్యాసం వచ్చిన రోజున స్టూడియోలో అందరూ చుట్టూ చేరి చదువుకుని, కడుపు పట్టుకుని నవ్వారట. ఆ మాట చెప్పి, చలిలో వచ్చానని టీ కూడా ఇచ్చాడు. తాగాను.

సమావేశంలో లేచి నిలబడి అంతా చెప్పాను. నా వ్యాసం తప్పు, అందులో ఓబో గురించి ఉన్న ప్రతి అక్షరం తప్పు, దాన్ని పుస్తకంలోంచి తీసెయ్యండి అన్నాను. మా అధ్యక్షుడు లెడరర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, ఎర్నా గారూ, మీ చెవులు మా అందరి ఆస్తి, వాటిని ఇలా తగలబెట్టుకోకండి, ఇది మన నలుగురి మధ్యే ఉంటుంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ప్రచురణకర్తకి టెలిగ్రాం ఇచ్చాను. వ్యాసం తీసేశారు. పెట్టెకి మాత్రం బహుమతి ఇచ్చారు, అందరూ చేతులెత్తారు. శుక్రవారం పత్రిక నుంచి పెద్ద పూలగుత్తి వచ్చింది, ముప్పై ఏళ్ల సేవకి కృతజ్ఞతలట. ఈ ఊళ్లో మనిషిని బయటికి పంపేటప్పుడు పూలు ఎంత పెద్దవో నీకు తెలుసు కదా.

పని పోయినందుకు ఏడవడం లేదు తమ్ముడూ. నాకు వేరే భయం పట్టుకుంది. గ్రామఫోను ముందు కూర్చోలేకపోతున్నాను. ఒక రికార్డు పెడతాను, వయొలిన్లు మొదలవగానే, ఇది నిజంగా బాగుందా, బాగుందని నాకెవరైనా చెప్పారా అని సందేహం వస్తుంది. ముప్పై ఏళ్లు ఎంతమంది గురించి రాశాను. ఎవరిని ఎత్తాను, ఎవరిని తొక్కాను. అందులో నేను విన్నదెంత, ఊహించుకున్నదెంత? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనం నవ్వుతాం. ఆ చెవిటివాడు లేచి, శంఖం ఎలా ఊదాలో ఊరికి పాఠం చెప్పాడనుకో, అది నా బతుకు. నిన్న వంటింట్లో కెటిల్ కూత పెడుతుంటే, అది నిజమైన కూతేనా అని దాన్ని చూస్తూ నిలబడ్డాను. నీళ్లు ఇగిరిపోయాయి, కెటిల్ నల్లబడింది.

నీకు చేసిన అన్యాయాన్ని దిద్దాననుకున్నాను. దిద్దిన చోట ఏమీ మిగల్లేదు. నువ్వు తిరిగి ఓబో పట్టలేవు, నేను తిరిగి వినలేను. ఇంక ఎవరికోసం బతకాలో, దేనికోసం పొద్దున్నే లేవాలో తెలియడం లేదు. క్షమించమని అడగను. నువ్వు బతికే ఉన్నావని, నా ఉత్తరం చదివావని ఒక్క వాక్యం రాయి. అది చాలు.

ఎర్నా


స్టయర్,
2 డిసెంబర్ 1990

అక్కా,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాను. నీకైతే వారానికో వ్యాసం రాయడం అలవాటు. నేను పిల్లల రిపోర్టు కార్డు మీద “శ్రద్ధ చాలదు” అని రాయడానికే అరగంట తీసుకుంటాను. ఇరవయ్యో తారీఖు దాటిపోయింది, తప్పు నాది. కానీ నువ్వు కూడా ఇరవై నాలుగేళ్లు ఆగినదానివి, ఇంకో పదిరోజులు ఆగలేకపోయావా?

షెబెస్టాకి తెలియనిది నాకు తెలుసు. వంటింట్లో ఆ రోజు నీకు చెప్పనిది ఇప్పుడు చెప్తాను.

ఆ రోజు మొదటిసారి నిజంగానే కొయ్యలా వాయించాను. నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు. పొద్దుటినుంచి మాస్ట్రో ఆ ముక్కను పదిహేనుసార్లు ఆపి ఆపి వాయింపజేసేసరికి నాలో ప్రాణం లేదు. రెండోసారి మొదలయ్యేముందు పైకి చూశాను. ఖాళీ బాల్కనీలో నువ్వొక్కదానివే ఉన్నావు. కమ్మీ మీద గడ్డం ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని వింటున్నావు. యుద్ధం తర్వాత ఆ చలి గదిలో నేను సాధన చేస్తుంటే మంచం మీద కూర్చుని అలాగే వినేదానివి. అప్పుడు నీకు ఏ పేరూ లేదు, నాకూ లేదు. మాస్ట్రో చెయ్యి చూడటం మానేసి, నీకోసం వాయించాను. అంతే. అలాంటిది జీవితంలో ఒకసారే జరుగుతుంది, పక్కన కూర్చున్న ఫ్లూటు ముసలాయన నా మోకాలి మీద తట్టాడు.

పూర్తయ్యాక మాస్ట్రో నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నారు: “ప్రోకోష్, మీరు పైన ఎవరికో వాయిస్తున్నారు. నా రికార్డులో నాకు వాయించేవాళ్లే ఉంటారు.” రెండోదాన్ని పారేయించారు.

కాబట్టి నీ చెవులకి ఏ రోగమూ లేదు, నిశ్చింతగా కెటిల్ పెట్టుకో. నువ్వు విన్నది నిజంగా విన్నావు, హాల్లో విన్నావు. దాన్ని అంత గట్టిగా పట్టుకున్నావు కనకే, రెండేళ్ల తర్వాత రికార్డులో లేకపోయినా నీకు వినిపించింది. స్టూడియోలో నవ్వినవాళ్లు ఆ టేపు కోసినవాళ్లే, నువ్వు విన్నది వాళ్లు వినలేదు.

నాకు కోపం వచ్చింది కొయ్య అన్నందుకు కాదు. ఆ దుఃఖం ఆయన చెయ్యి నేర్పిందని రాసినందుకు. నీకు వాయిస్తే, నువ్వు వెళ్లి ఆయనకి దండం పెట్టావు. అది నోటితో చెబితే అడుక్కున్నట్టు ఉంటుందని, టేపు గొడవ పెట్టుకుని నీమీదికి వచ్చాను. క్యాంటీన్లో ఎగతాళి నాకు లెక్కే కాదు, వాళ్లకి నేనూ రెండు తగిలించేవాణ్ణి. కచేరీల్లో ఆ ముక్క వచ్చినప్పుడల్లా తలెత్తి నిన్ను వెతికేవాణ్ణి. నువ్వు ఆయన చెయ్యి వైపే చూస్తుండేదానివి. ఊపిరి అక్కడ బిగుసుకుపోయింది.

ఇప్పుడు నువ్వేం చేశావో చూడు. ఆ టేపు చెరిగిపోయింది, ఫ్లూటు ముసలాయన పోయాడు, మాస్ట్రో పోయారు. ఆ రెండోసారి అనేది ఈ లోకంలో నీ వ్యాసంలో ఒక్క వాక్యంగా మాత్రమే మిగిలింది. నన్ను అడక్కుండా, నా మీద ప్రేమతో, దాన్ని కూడా కొట్టేశావు. నీ మొదటి ఉత్తరం చదివి నేను రాయాలనుకున్న జవాబు ఒక్క లైను. వ్యాసం ఉంచు, చెయ్యి ఎవరిదో మార్చు అని. అది కూడా సకాలంలో రాయలేకపోయాను.

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు, దాని సంగతి తర్వాత చూద్దాం. వచ్చే ఆదివారం పదకొండు గంటల బండికి రా. నా పైపళ్లు పోయి కట్టుడు పళ్లు వచ్చాయి, వాటితో ఓబో పలకదు, వాయించి చూపించమని అడక్కు. నువ్వు చెప్పాలి. ఆ రెండోసారి ఎలా ఉందో నువ్వొక్కదానివే విన్నావు. నేను వాయిస్తున్నాను కదా, వినలేదు.

నీ తమ్ముడు,
ఫెర్డీ