ఆదివారం ఫీజు

ఇలోయిలో పట్టణం,
సోమవారం.

అత్తయ్యగారికి,

మీ కొడుకు బతికే ఉన్నాడు, కంగారుపడకండి. నిన్న కోడిపందెంలో ఓడి వచ్చి, అన్నం చల్లారిందని నా కుడిచెయ్యి విరగ్గొట్టాడు. సెలవు రోజు చూడాలంటే రెట్టింపు ఫీజు అన్నారు డాక్టరుగారు. చేతిలో డబ్బు లేక, ఇంట్లో మిగిలిన పందెంకోడిని ఆయనకిచ్చి కట్టు కట్టించుకున్నాను.

"నా కోడినే ఇచ్చేస్తావటే, దొంగముండా!" అంటూ మీవాడు కత్తి ఎత్తాడు. ఎడమచేత్తో రోకలి అందుకుని నెత్తిమీద కొట్టాను. కిందపడ్డా కత్తి వదల్లేదు. వదిలేదాకా కొట్టాను.

డాక్టరుగారు అతని తల కుట్టి, "ఇదీ ఆదివారం లెక్కేనమ్మా" అన్నారు. ఈ ఫీజు మీరు కట్టండి. పడవెక్కి వచ్చి, అతణ్ణి ఆస్పత్రి నుంచే మీ ఇంటికి తీసుకుపోండి. ఇక్కడికి వస్తే నేను తలుపు తియ్యను.

మీ కోడలు (ఎడమచేతి రాత)