రోట్లో ఆఖరి ముద్ద

అత్తా,

ఈ రోజు నీ సంవత్సరీకం. మిద్దె మీద నీకు విస్తరి వేశాం. మటన్, సంగటి, ఓళిగలు అన్నీ నేనే వండాను. పొద్దున్నే ఎర్రకారం కూడా నూరాను. అది మాత్రం నీ విస్తరిలో వేయలేదు.

ఈ ఇంట్లో ఎర్రకారం నూరింది ఎప్పుడూ నేనే. మండే చేతులు కడుక్కుని వచ్చేలోపు నువ్వు రోట్లో వేడి సంగటి వేసి, అంటుకున్న కారమంతా తుడిచి, ఆ ముద్ద నీ కూతురికి పెట్టేదానివి. నాకేదని అడిగితే, "రోలు కడిగేసినా పో" అనేదానివి.

హిందూపురం నుంచి నీ కూతురు వచ్చింది. మలేసియా చూసొచ్చిందట. అక్కడివాళ్లు అన్నంలో నంజుకునే సంబల్ అనే ఎర్రకారం సీసా తెచ్చి, నీ విస్తరిలో తనే వడ్డించింది. కాకి వచ్చి చూసి, పిట్టగోడ మీదికి ఎగిరి కూర్చుంది. ఎంత పిలిచినా దిగలేదు.

"అమ్మకు ఏం తక్కువైందో ఏమో" అని నీ కొడుకు దిగులుపడ్డాడు.

నీ కూతురు నావైపు తిరిగింది. "మన ఎర్రకారం లేకుంటే అమ్మకు ముద్ద దిగదు గదా. పొద్దున నూరితివే, యాడుండాది?"

నూరింది నా ఒక్కదానికి చాలినంతే. రోటి పక్కనే కూర్చుని, వేడి సంగటి కలుపుకుని, వేళ్లు నాక్కుంటూ తినేశాను. ఇన్నేళ్లూ నువ్వు ఎందుకు దాచావో అర్థమైంది. చాలా బాగుంది.

"రోలు కడిగేసినా వదినా" అన్నాను, కాకి వైపు చూస్తూ.